కుంపటి మారింది, కట్టె మిగిలింది
ఆఫ్రికా, కరేబియన్ వంటిళ్ళలో తక్కువ బొగ్గు పొయ్యిలు - మన రైతు తెలుసుకోవలసిన సంగతులు

ఒక కిలో బొగ్గు చేతికి రావాలంటే ఎంత కట్టె కాలాలో బొగ్గుల బట్టీ పెట్టినవాళ్ళకి చెప్పనక్కరలేదు. మట్టి కప్పి కాల్చే మామూలు బట్టీలో ఆరు కిలోల నుంచి పది కిలోల దాకా కట్టె పేరిస్తే కిలో బొగ్గు దిగుతుంది. మిగతాదంతా పొగ రూపంలో గాలిలో కలిసేదే. ఆ కిలో బొగ్గయినా లారీ ఎక్కి పట్నం చేరి రేకు కుంపట్లో పడితే, అందులో నూటికి 80 పాళ్ళ పైన వేడి వృథాగా పోతుంది, చాలావరకు రేకు గోడల్లోంచే. గిన్నె అడుగున పనిచేసేది ఏ కొంచెమో! ఆఫ్రికా ఖండంలో చాలా పట్నాల్లో వంట ఈనాటికీ ఇలాగే సాగుతోంది. పల్లెల్లో అయితే మనకు తెలిసిన మూడు రాళ్ళ పొయ్యే.

అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల ప్రకారం ఆఫ్రికాలో 100 కోట్లకు దగ్గరగా జనం కట్టెలు, బొగ్గు, పేడ లాంటివాటితోనే వండుకుంటున్నారు. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివాళ్ళు 210 కోట్లు. వంటింటి పొగ వల్ల వచ్చే జబ్బులతో 2020 ఒక్క ఏడాదిలోనే 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. 2024 మే నెలలో పారిస్‌లో ఇదే విషయం మీద పెద్ద సభ జరిగింది. ఆఫ్రికా వంటిళ్ళ కోసం 220 కోట్ల డాలర్లు ఇస్తామని ప్రభుత్వాలూ కంపెనీలూ మాట ఇచ్చాయి. దీన్ని మనం 'తక్కువ కార్బన్ వంట' అనుకుందాం.

కార్బన్ అనగానే బెదిరిపోకండి. కట్టె కాలినా, బొగ్గు కాలినా, గ్యాస్ కాలినా బొగ్గుపులుసు వాయువు వస్తుంది. కట్టె సరిగ్గా కాలక మసిగా మిగిలితే ఆ మసి, బొగ్గుల బట్టీలోంచి వచ్చే మీథేన్ ఇంకా చెడ్డవి. భూమిని వేడెక్కించేది ఇవే. అదే వంట తక్కువ ఇంధనంతో, తక్కువ పొగతో అయ్యేట్లు చేస్తే అది తక్కువ కార్బన్ వంట.

ఎక్కడో ఆఫ్రికా సంగతి మనకెందుకని మీరు అడగవచ్చు. అక్కడి రైతు ఇంట్లో వండేది మొక్కజొన్న పిండి సంగటి. దాన్ని వాళ్ళు 'ఉగాలి' అంటారు. చిక్కుడు గింజలూ మొక్కజొన్న గింజలూ కలిపి గంటల తరబడి ఉడికించే గుగ్గిళ్ళని 'గితేరి' అంటారు. ఇథియోపియాలో పిండి పులియబెట్టి పెద్ద పెనం మీద దోశెలాగ పోసే 'ఇంజెరా' వుంది. పుల్లలు ఏరి తెచ్చేది అక్కడా ఆడవాళ్ళే. మన పొలం గట్ల మీద పెరిగే సర్కారు తుమ్మ కూడా అక్కడ వుంది. కనుక వాళ్ళకి ఏది పనికొచ్చిందో, ఏది బెడిసికొట్టిందో మనకీ పనికొస్తుంది. పైగా ఇప్పుడు కార్బన్ పేరు చెప్పి ఉచితంగా పొయ్యిలు పంచేవాళ్ళు మన దేశంలోనూ తిరుగుతున్నారు.

మట్టి గోడ పెట్టిన కుంపటి

ముందు కెన్యా దేశం కుంపటి గురించి చెప్పుకుందాం. 1896లో బ్రిటిష్‌వాళ్ళు మొంబాసా రేవు నుంచి రైలు దారి వేయటం మొదలుపెట్టి, ఇండియా నుంచి వేలాది కూలీలను తీసుకుపోయారు. రేకుతో చేసే బొగ్గుల కుంపటి ఆ కూలీలతోనే కెన్యా చేరిందని చెబుతారు. స్వాహిలీ భాషలో పొయ్యిని 'జికో' అంటారు. పాత డబ్బాలు, నూనె పీపాలు కోసి రేకు జికోలు చేసే పనివాళ్ళు నైరోబీ నిండా వున్నారు. ఎండలో కూచుని పని చేస్తారు కనుక ఇలాంటి చేతిపనులన్నిటికీ అక్కడ 'జువా కాలీ' అని పేరు. మండే ఎండ అని దాని అర్థం.

1981లో నైరోబీలో ఐక్యరాజ్యసమితి వాళ్ళు ఇంధనాల మీద మహాసభ పెట్టారు. బొగ్గు కోసం అడవి తరిగిపోతోందన్న దిగులు అప్పుడు బాగా వుంది. థాయిలాండ్‌లో బక్కెట్టులాంటి మట్టి కుంపట్లు వాడతారు. ఆ పద్ధతినీ తమ రేకు జికోనీ కలిపి కెన్యావాళ్ళు కొత్త కుంపటి తయారుచేశారు. పైకి డమరుకంలాగ నడుము సన్నంగా వుంటుంది. బయట రేకు, లోపల పై సగంలో కాల్చిన మట్టి మూకుడు. ఆ మూకుడు అడుగునే చిల్లులు వుంటాయి. బొగ్గు దాని మీద కాలుతుంది, బూడిద కింది అరలో పడుతుంది. కింద చిన్న తలుపు వుంది. మంట కావాలంటే తెరవటం, తగ్గాలంటే మూయటం. ఇంతే యంత్రం!

మట్టి వేడిని పట్టుకుని వుంచుతుంది, రేకు వదిలేస్తుంది. ఈ చిన్న సంగతి మీదే మొత్తం పని నడిచింది. బొగ్గు ఖర్చు నూటికి 30 నుంచి 50 పాళ్ళ దాకా తగ్గింది. మొదట చేసిన మూకుళ్ళు పగిలిపోయేవి, ఖరీదు కూడా ఎక్కువే. కానీ ఒక మంచి పని జరిగింది. పొయ్యిని ప్రభుత్వం ఉచితంగా పంచలేదు. చేసే పద్ధతిని కుమ్మరికీ రేకు పనివాడికీ నేర్పి, అమ్ముకుని బతకమని వదిలేశారు. నైరోబీలో షౌరీ మోయో బజారు పనివాళ్ళు వందల్లో చేసి అమ్మారు. పోటీ పెరిగింది, ధర దిగింది. పగిలిన మూకుడు మార్చేవాడు వీధి చివరే దొరికాడు. ఇప్పుడు ఆ కుంపటి ఘనాలో 'గ్యాపా' పేరుతోనూ, మరెన్నో దేశాల్లో వేరే పేర్లతోనూ వాడుతున్నారు.

కట్టె పొయ్యిలకి కూడా ఇలాంటి ప్రయత్నమే జరిగింది. పడమటి కెన్యాలో ఆడవాళ్ళ సంఘాలు మట్టి గొట్టంలాంటి మూకుడు కాల్చి, వంటింట్లో బంకమట్టితో కట్టి నిలబెట్టారు. ఒక రకానికి 'కుని మ్బీలి' అని పేరు పెట్టారు. అంటే రెండు పుల్లలు. రెండు పుల్లలతో వంట అయిపోతుందని చెప్పటమన్నమాట. మన దగ్గర 1983 తర్వాత వచ్చిన పొగలేని పొయ్యిల పథకం మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే వుంటుంది. అది 2002లో ఆగిపోయింది. కట్టి వెళ్ళినవాడు మళ్ళీ రాకపోతే గొట్టంలో మసి ఎవరు తీస్తారు? కెన్యా కుంపటి నిలబడటానికీ మన పొయ్యి నిలవకపోవటానికీ నాకు కనిపించే తేడా ఇదే. అక్కడ పొయ్యితో పాటు దాన్ని బాగుచేసేవాడు కూడా ఊళ్ళోనే తయారయ్యాడు.

ఒక జాగ్రత్త చెప్పాలి. బొగ్గు పొగ కనపడకుండా కాలుతుంది కాబట్టి మంచిదే అనుకుంటారు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నిండుతుంది. దానికి వాసన వుండదు. చలికాలం గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని తెల్లారేసరికి చనిపోయినవాళ్ళు అక్కడా వున్నారు, ఇక్కడా వున్నారు.

పొయ్యి కాదు, సేవ

ఇప్పుడు ఆఫ్రికాలో నడుస్తున్నది వేరే ఆలోచన. పొయ్యి అమ్మి చేతులు దులుపుకోవటం కాకుండా, వంటకి కావలసిన ఇంధనాన్ని కొద్ది కొద్దిగా ఇంటికి అందించటం. కరెంటు మీటరులాగ వాడినంతకు డబ్బు. దీన్నే వంట సేవ అంటున్నారు.

కూలి డబ్బుతో బతికే ఇంటికి గ్యాస్ బండ ఎందుకు అందదు? బొగ్గు కన్నా గ్యాస్ ఖర్చు మరీ ఎక్కువై కాదు. బండకు ఒక్కసారే మొత్తం డబ్బు కట్టాలి. బొగ్గు అయితే డబ్బాతో కొలిచి ఆ పూటకి సరిపడా ఇస్తాడు. ఉప్పూ నూనే చిల్లరగా కొనుక్కునే ఇల్లు ఇంధనం మాత్రం టోకున ఎలా కొంటుంది? కెన్యాలో 2007లో సెల్‌ఫోను ద్వారా డబ్బు పంపే 'ఎం-పెసా' వచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని కొన్ని కంపెనీలు గ్యాస్ బండ మీద చిన్న మీటరు బిగించాయి. ఫోనులో కాసిన్ని షిల్లింగులు కడితే అంత మేరకి గ్యాస్ వస్తుంది, అయిపోగానే మీటరు మూసుకుంటుంది. బండ ఖాళీ కావస్తోందని మీటరే కంపెనీకి కబురు పెడుతుంది. వాళ్ళు వచ్చి వేరే బండ పెట్టి పోతారు. గ్యాస్ కూడా భూమిలోంచి తీసిన చమురు సరుకే కదా, అది తక్కువ కార్బన్ ఎలా అవుతుందని అడిగేవాళ్ళున్నారు. ప్రశ్న సబబైనదే. కానీ ఆరు కిలోల కట్టె కాల్చి చేసిన కిలో బొగ్గుతో పోల్చి చూడండి, లెక్క తేలిపోతుంది.

రువాండా దేశంలో ఇంకో పద్ధతి జరిగింది. రైతులకు ఇది బాగా అర్థమవుతుంది. కివూ సరస్సు ఒడ్డున గిసెన్యీ పట్నంలో 'ఇన్యెన్యేరి' అనే కంపెనీ రంపం పొట్టు, సన్న కర్రల్ని పొడి చేసి ఒత్తి గుళికలు తయారుచేసింది. మన పశువుల దాణా గుళికలాగే వుంటాయి. చిన్న ఫ్యాను వున్న పొయ్యిలో వేస్తే పొగ లేకుండా గ్యాసులాగ మండుతాయి. పొయ్యి కొనక్కరలేదు, కంపెనీయే ఇస్తుంది. నెలకి ఇన్ని గుళికలు కొంటామని ఒప్పుకుంటే చాలు. పల్లెల్లో డబ్బు లేనివాళ్ళు పుల్లలు తెచ్చి తూకం వేసి ఇస్తే దానికి బదులు గుళికలు ఇచ్చేవాళ్ళు. వడ్లు మిల్లుకు వేసి బియ్యం తెచ్చుకున్నట్లే! వినటానికి ఎంత బాగుందో చూడండి. పొయ్యి పాడైతే బాగుచేసే బాధ్యత కూడా వాళ్ళదే.

కానీ ఆ కంపెనీ 2020లో మూతపడింది. గుళికల మిల్లు పెద్దది చేయటానికి పెట్టుబడి చాలలేదు. చిన్న మిల్లుతో గుళిక ధర గిట్టలేదు. కార్బన్ అమ్మితే వచ్చే సొమ్ము నమ్ముకున్నారు, అది ఆలస్యంగా వచ్చేది. కంపెనీ ఆగిపోతే ఇంట్లోని పొయ్యి ఏమవుతుంది? గుళికలు దొరకవు. ఆ పొయ్యిలో కట్టె పట్టదు. ఇల్లాలు మళ్ళీ పాత కుంపటి బయటికి తీయవలసిందే.

ఇంతకన్నా పెద్దది కెన్యాలో 'కోకో నెట్‌వర్క్స్' వ్యవహారం. 2019లో నైరోబీలో కిరాణా కొట్లలో ఇథనాల్ పోసే మిషన్లు పెట్టారు. పెట్రోలు బంకులాగ డబ్బా తెచ్చి మిషన్‌కి తగిలిస్తే కట్టిన డబ్బుకి సరిపడా ఇథనాల్ నిండుతుంది. డబ్బా తీసుకుపోయి రెండు బర్నర్ల పొయ్యిలో పెట్టుకోవటమే. ఇథనాల్ అంటే చక్కెర మిల్లుల మడ్డి నుంచి తీసే సారా రకం. చెరకు రైతుకి ఇది కొత్త గిరాకీ. పదిహేను లక్షల ఇళ్ళ దాకా ఈ పొయ్యి పాకింది. అంత చౌకగా ఎలా ఇచ్చారంటే, పొయ్యీ ఇంధనమూ అసలు ఖర్చు కన్నా తక్కువకి ఇచ్చి, లోటును కార్బన్ క్రెడిట్లు అమ్మి పూడ్చుకోవాలని వాళ్ళ లెక్క. ఆ క్రెడిట్లు విదేశాలకు అమ్మటానికి కెన్యా ప్రభుత్వం ఒక అనుమతి పత్రం ఇవ్వాలి. అది రాలేదు. 2026 జనవరి ఆఖరుకి కంపెనీ దుకాణం కట్టేసింది. లక్షల ఇళ్ళలో పొయ్యి వుంది, పోసుకోవటానికి ఇంధనం లేదు.

క్రెడిట్ లెక్కలో తిరకాసు

ఇక్కడ కార్బన్ క్రెడిట్ సంగతి కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి. ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు గాలిలోకి పోకుండా ఆపితే ఒక క్రెడిట్. యూరప్‌లోనో అమెరికాలోనో వున్న కంపెనీ తన పొగకి ప్రాయశ్చిత్తంగా ఆ క్రెడిట్ కొంటుంది. ఆఫ్రికా పల్లెలో ఒక ఇంటికి మంచి పొయ్యి ఇచ్చి, ఏడాదికి ఇన్ని టన్నుల కట్టె మిగిలిందని లెక్క కట్టి, దాన్ని క్రెడిట్లుగా అమ్ముతారు.

ఆ లెక్క ఎవరు కట్టారు, ఎలా కట్టారు? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పరిశోధకులు 2024 జనవరిలో దీన్ని బయటపెట్టారు. వాళ్ళు పరిశీలించిన పొయ్యిల పథకాల్లో అసలు తగ్గిన పొగ కన్నా సగటున తొమ్మిది రెట్లకు పైగా క్రెడిట్లు రాసుకున్నారట. ఎలాగంటే, ఇచ్చిన పొయ్యి రోజూ మూడు పూటలా వెలుగుతోందని రాశారు. నిజానికి చాలా ఇళ్ళలో కొత్త పొయ్యి పక్కనే పాత పొయ్యి కూడా మండుతూనే వుంది. సంగటి కెలకాలంటే గట్టిగా నిలబడే పొయ్యి కావాలి. పెద్ద డేగిసా ఎక్కించాలంటే కొత్తది చాలదు. కొన్నిళ్ళలో కొత్తది అటక ఎక్కింది. ఇంకో తప్పు ఏమిటంటే, కాల్చిన కట్టె అంతా అడవిని నరికి తెచ్చినదే అన్నట్లు లెక్క వేశారు. రైతుకి చెప్పాలా? కంచె తుమ్మ కొమ్మ నరికితే మళ్ళీ చిగురు వేస్తుంది. ఎండు పుల్ల ఏరితే చెట్టు చావదు.

ఈ సందర్భంలో హైతీ దేశం గుర్తుకొస్తుంది. కరేబియన్ సముద్రంలో వున్న దీవిలో పడమటి భాగం అది. అక్కడ నూటికి 90 మంది పైన కట్టె, బొగ్గు మీదే వండుకుంటారు. పక్కనే అదే దీవిలో తూర్పున వున్న డొమినికన్ రిపబ్లిక్‌లో ఏళ్ళ తరబడి గ్యాస్‌కి రాయితీ ఇవ్వబట్టి ఎక్కువ ఇళ్ళలో గ్యాస్ పొయ్యి వుంది. హైతీలో చెట్టన్నది నూటికి 2 పాళ్ళే మిగిలిందని చాలాకాలం పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. 2014లో ఉపగ్రహం ఫోటోలు చూసి లెక్క వేస్తే చెట్లున్న నేల సుమారు 30 పాళ్ళు తేలింది. పెద్ద అడవి పోయిన మాట నిజమే. కానీ మెట్ట నేలల్లో బొగ్గు కోసం రైతులే చెట్లు పెంచి, నరికి, మోడు నుంచి మళ్ళీ చిగురిస్తే కొన్నేళ్ళకి మళ్ళీ నరుకుతున్నారు. ఆ చెట్టు ఏమిటనుకున్నారు? అక్కడ 'బయవోన్' అంటారు. మన సర్కారు తుమ్మే. అది అమెరికా ఖండం వైపు పుట్టి మన దగ్గరికి వచ్చిన చెట్టు. హైతీ మెట్ట రైతుకి అది ఏటీఎం లాంటిది. పిల్లవాడి బడి ఫీజు కట్టాలంటే నాలుగు చెట్లు కొట్టి బొగ్గు కాలుస్తాడు.

అదే చెట్టు కెన్యాలో శాపమయింది. 1980ల్లో ఎడారి ఆపాలని బరింగో ప్రాంతంలో నాటారు. పొలాలూ మేత బీళ్ళూ ఆక్రమించింది. తియ్యటి కాయలు తిని మేకల పళ్ళు ఊడిపోయాయి. 2006లో అక్కడి పశువుల కాపర్లు పళ్ళులేని మేకను కోర్టుకే తోలుకెళ్ళి చూపించారు. ఇప్పుడు దాన్ని నరికి బొగ్గు చేయటమే మేలని చెబుతున్నారు. ఒకే చెట్టు, ఒకే బొగ్గు. ఒకచోట పంట, ఒకచోట కలుపు. బల్ల ముందు కూచుని ఒకే లెక్క అన్ని ఊళ్ళకీ వేస్తే తప్పకుండా తప్పుతుంది.

కాబట్టి మీ ఊరికి ఎవరైనా ఉచిత పొయ్యి అంటూ వచ్చి వేలిముద్రో సంతకమో అడిగితే కొన్ని ప్రశ్నలు అడగండి. ఆ కాగితం తెలుగులో చదివి వినిపించమనండి. క్రెడిట్ హక్కు మీ నుంచి వాళ్ళకి రాసిస్తున్నట్లు అందులో వుందేమో చూడండి. ఎన్నేళ్ళకి రాసిస్తున్నారు, అమ్మిన సొమ్ములో ఇంటికి గానీ ఊరికి గానీ వాటా వుందా, పొయ్యి పాడైతే ఎవరు వస్తారు, ఎన్నాళ్ళకొకసారి వస్తారు? పాత పొయ్యి కూల్చేయమని అడిగితే ఒప్పుకోకండి, కొత్తది రెండు వానాకాలాలు చూశాక మీ ఇష్టం. ఉచితం తీసుకోవద్దని నేననటం లేదు. పొగ తగ్గితే మన ఆడవాళ్ళకే మంచిది. ఇవతలివాడికి పొయ్యి, అవతలివాడికి పైకం అయినప్పుడు లెక్క అడగటంలో తప్పు లేదు.

పేడ, కరెంటు

పాడి వున్న రైతుకి వీటన్నిటికన్నా గోబర్ గ్యాసే నయం. కెన్యాలో రెండు మూడు ఆవులున్న చిన్న రైతులు ఇటుక గుమ్మటం ప్లాంట్లు కట్టుకున్నారు. గట్టి ప్లాస్టిక్ సంచి ప్లాంట్లు కూడా వచ్చాయి. గుంట తీసి సంచి పరిచి ఒకటి రెండు రోజుల్లో బిగిస్తారు, డబ్బు వాయిదాల మీద కట్టుకోవచ్చు. రెండు ఘనమీటర్ల ప్లాంటుకి రోజూ 50 కిలోల పేడ, అంతే నీళ్ళు కావాలి. నలుగురైదుగురున్న ఇంటికి వంట వెళ్ళిపోతుంది. స్లర్రీ పొలానికి. మనకి తెలిసిన విద్యే కాబట్టి వివరం అక్కరలేదు. అక్కడ మూలపడ్డ ప్లాంట్లకి కారణాలు కూడా మనవే. ఆవుల్ని అమ్మేయటం, నీళ్ళు దూరం కావటం, గ్యాస్ కారితే చూసే మేస్త్రీ దొరకకపోవటం.

కరెంటు వంట మాత్రం కొత్తది. కెన్యాలో తయారయ్యే కరెంటులో నూటికి 90 పాళ్ళ దాకా భూమిలోని వేడి ఆవిరి, నీరు, గాలి, ఎండ నుంచే వస్తుంది. అలాంటిచోట కరెంటు మీద వండితే పొగ దాదాపు లేనట్లే. బ్రిటన్ ప్రభుత్వం డబ్బుతో నడిచే ఒక పరిశోధన పథకం కరెంటు ప్రెషర్ కుక్కర్ మీద అక్కడి వంటలన్నీ వండించి చూసింది. బొగ్గు మీద రెండు మూడు గంటలు పట్టే చిక్కుడు గింజలు గంట లోపు, అర యూనిట్ లోపు కరెంటుతో ఉడికాయి. యుగాండాలో వంట చేసుకునేవాళ్ళ కోసం యూనిట్ రేటు తగ్గించారు కూడా. అదే దక్షిణాఫ్రికాలో చూస్తే చాలా ఇళ్ళలో కరెంటు వంటే, కానీ ఆ కరెంటులో ఎక్కువ భాగం రాక్షసి బొగ్గు నుంచి వస్తుంది. అక్కడ కరెంటు పొయ్యి అనగానే తక్కువ కార్బన్ అని చెప్పటానికి లేదు. 1860 నుంచి చెరకు తోటల కూలికి నేటాల్ వెళ్ళి స్థిరపడిన మన తెలుగువాళ్ళ వంశాలు కూడా ఆ కరెంటు మీదే వండుకుంటున్నాయి.

డ్రమ్ము బొగ్గు

హైతీలో చెరకు గానుగాడి పాకం, సారా తీశాక పిప్పి కుప్పలుగా పడి వుంటుంది. అమెరికాలోని ఎంఐటీ వాళ్ళు 2000 దశకం మొదట్లో అక్కడికి వెళ్ళి పిప్పి నుంచి బొగ్గు చేసే సులువు పద్ధతి తయారుచేశారు. మన బెల్లం బట్టీల దగ్గర పిప్పి మిగలదు, పెనం కిందికే పోతుంది. కానీ మొక్కజొన్న కండెలు, పత్తి కట్టె మన దగ్గర చేలల్లోనే తగలబెడుతున్నాం. వాటికి ఈ పద్ధతి సరిపోతుంది.

200 లీటర్ల నూనె డ్రమ్ము కావాలి. పురుగుమందులూ రంగులూ పోసిన డ్రమ్ము ఎట్టి పరిస్థితుల్లోనూ వాడవద్దు. పై మూతలో జానెడున్నర వెడల్పు రంధ్రం కోసి, కోసిన ముక్కని మూతగా అట్టే పెట్టుకోవాలి. అడుగున ఐదారు చిన్న రంధ్రాలు చేయాలి. ఇంటికి దూరంగా, ఆరుబయట మూడు రాళ్ళ మీద నిలబెట్టి బాగా ఎండిన కండెలు వదులుగా నింపి అంటించాలి. మొదట తెల్లటి దట్టమైన పొగ వస్తుంది, అది తేమ. అది పలచబడి పైన మంట నిలకడగా లేచిన కాసేపటికి మూత పెట్టి, రాళ్ళు జాగ్రత్తగా తప్పించి డ్రమ్మును నేల మీదికి దించాలి. చుట్టూ, మూత అంచులా తడి మట్టి గట్టిగా మెత్తాలి. గాలి చొరబడితే మొత్తం బూడిదే. రెండు గంటలకు పైన చల్లారనివ్వండి. తొందరపడి తెరిస్తే నిప్పు మళ్ళీ రాజుకుంటుంది.

కండెల బొగ్గు అలాగే వాడుకోవచ్చు. పిప్పి బొగ్గయితే పొడి అవుతుంది కాబట్టి ముద్ద కట్టాలి. హైతీవాళ్ళు కర్రపెండలం పిండి గంజి కలుపుతారు. మన సామర్లకోట, పెద్దాపురం వైపు వాళ్ళకి కర్రపెండలం కొత్తకాదు. పొడి బరువులో నూటికి 5 నుంచి 10 పాళ్ళ పిండి చాలు. గంజి కాచి, పొడి కలిపి, అచ్చులో గట్టిగా ఒత్తి మూడు నాలుగు రోజులు ఎండలో పెడితే కుంపటికి సిద్ధం.

ఇంకొకటి, దీనికి పొయ్యి కూడా అక్కరలేదు. దక్షిణాఫ్రికాలో 2008లో కరెంటు కోతల రోజుల్లో ఒకావిడ మొదలుపెట్టిన 'వండర్‌బ్యాగ్' అనే దళసరి సంచి వుంది. కూర గానీ గింజలు గానీ పొయ్యి మీద బాగా మరిగించి, మూత తీయకుండా గిన్నెను ఆ సంచిలో పెడతారు. లోపలి వేడితోనే గంటల్లో ఉడికిపోతుంది. ఆ సంచి కొనక్కరలేదు. పెద్ద గంపలో వరిగడ్డి జానెడు మందం పరిచి, మరిగే గిన్నె పెట్టి, చుట్టూ పైనా గడ్డి కూరి, పాత బొంత కప్పితే అదే పని చేస్తుంది. కందిపప్పు, శనగలు, రాజ్మా లాంటివాటికి బాగుంటుంది. గిన్నె ముప్పాతిక పైన నిండి వుండాలి, లేకపోతే వేడి నిలవదు. గింజలు ముందు రోజు నానబెట్టాలి. రాజ్మా అయితే గడ్డిలో పెట్టక ముందే కనీసం పది నిమిషాలు తెర్లుతూ ఉడకాలి, ఆ గింజలో వుండే విషపదార్థం అలా మరిగితేనే పోతుంది. మాంసం అయితే ముక్కలు చిన్నవిగా కోసి, ముందు పావుగంట పైన మరిగించండి. నాలుగైదు గంటలు దాటి గంపలో వుంచవద్దు. బయటికి తీసినప్పుడు ఆవిరి రాకుండా గోరువెచ్చగా వుంటే మళ్ళీ పొయ్యి మీద పెట్టి కళపెళ మరిగించాకే తినాలి.